ఒంటరిగా, బందీగా ఉన్నప్పుడు మనసుకు ఏమవుతుంది? గోదావరి డెల్టాలో తరచుగా అడిగే ప్రశ్నలు

కాజ్‌వే (ఏటిపాయ మీది పల్లపు దారి) మునిగి నది మధ్య లంకలో ఉండిపోయినవాళ్లు, పంట తీసేదాకా చేపల, రొయ్యల చెరువు గట్టు వదలని కాపలాదారులు, పిల్లలు హైదరాబాద్‌కో అమెరికాకో వెళ్తే పెద్ద పెంకుటింట్లో ఒక్కరే మిగిలిన పెద్దవాళ్లు, గల్ఫ్‌లో ఇంటిపనికి వెళ్లి ఏళ్ల తరబడి ఆ గడప దాటని ఆడవాళ్లు. ఈ కష్టాలు పైకి వేరువేరుగా కనిపిస్తాయి. లోపల జరిగేది మాత్రం చాలావరకు ఒకటే. ముందు రోజు లెక్క తప్పుతుంది, దాంతో నిద్ర చెడుతుంది, ఆ తర్వాత మనుషులతో మాట తగ్గుతుంది. సరిచేసుకోవడం కూడా ఇదే వరసలో మొదలుపెడితే తేలిక. అందుకే కింది జవాబుల్లో గడియారం, ఎండ, నిద్ర గురించి ఎక్కువగా ఉంటుంది.

ఒక్కరే ఉండడం, ఒంటరితనం ఒకటేనా?

కాదు. కొబ్బరితోట మధ్య ఒక్కరే ఉండి, పొద్దున పేపరు, సాయంత్రం అరుగు మీద నలుగురితో కబుర్లతో హాయిగా గడిపేవాళ్లున్నారు. పదిమంది ఉన్న ఇంట్లో తనతో మాట్లాడేవాళ్లు లేక కుంగిపోయే పెద్దావిడా ఉంటుంది. మొదటిది ఒక్కరే ఉండడం, రెండోది ఒంటరితనం. నిర్బంధం ఈ రెంటికంటే వేరు. అక్కడ బయటికి వెళ్లే వీలు మన చేతిలో ఉండదు. అదే గదిలో అదే మనిషి తన ఇష్టంతో ఉంటే పదిరోజులైనా ఉండగలడు. తలుపు అవతల గడియ పెట్టారని తెలిస్తే రెండోరోజుకే ఊపిరాడనట్టుంటుంది.

శరీరం మీద మాత్రం ఒక్కరే ఉండడం, ఒంటరితనం రెండిటి ప్రభావమూ ఉంటుంది. 70 అధ్యయనాలను కలిపి 2015లో చేసిన విశ్లేషణలో ఒంటరితనం ఉన్నవాళ్లలో మరణించే ముప్పు 26 శాతం, జనంతో సంబంధాలు తెగినవాళ్లలో 29 శాతం, ఒక్కరే నివసించేవాళ్లలో 32 శాతం ఎక్కువని తేలింది. ‘నాకేం దిగుల్లేదు’ అనే పెద్దాయన గురించి కూడా పట్టించుకోవాలనడానికి ఇదే కారణం.

అన్నిటికంటే ముందు దెబ్బతినేది ఏది?

కాలం లెక్క. 1962లో మిషెల్ సిఫ్ర్ అనే ఫ్రెంచి పరిశోధకుడు గడియారం లేకుండా, ఎండ సోకని గుహలో రెండు నెలలు ఉన్నాడు. సెప్టెంబరు 14న బయటికి వచ్చేటప్పటికి ఆయన లెక్కలో ఇంకా ఆగస్టు 20. ఒకటి నుంచి 120 వరకు సెకనుకు ఒకటి చొప్పున లెక్కపెట్టమంటే, రెండు నిమిషాల్లో అయిపోవాల్సిన లెక్కకు ఐదు నిమిషాలు పట్టింది.

మన ఒంట్లోని గడియారం రోజుకు 24 గంటల కంటే కొన్ని నిమిషాలు ఎక్కువగా నడుస్తుంది. దాన్ని రోజూ వెనక్కి లాగి సరిచేసేది పొద్దుటి ఎండ. తలుపులు మూసుకుని ఉంటే ఆ సవరణ జరగదు. నిద్రపట్టే వేళ రోజూ కాస్త కాస్త ఆలస్యమవుతూ పోతుంది. నిద్ర చెడితే చిరాకు, మతిమరుపు, ఆకలి లేకపోవడం వాటంతట అవే వస్తాయి.

ఇంట్లో దీన్ని పట్టిచ్చేది రోజుకో కాగితం చించే క్యాలెండర్. ఏళ్ల తరబడి పొద్దున్నే కాగితం చించి, తిథి, వర్జ్యం చూసుకునే మనిషి గోడ మీద ఐదు రోజుల వెనకటి తేదీ వేలాడుతోందంటే అడగాల్సింది ‘ఎందుకు చించలేదు’ అని కాదు. రాత్రి ఎన్నింటికి పడుకుంటున్నారు, పగలు ఎన్ని గంటలు నడుం వాలుస్తున్నారు అని అడగండి.

ఎన్ని రోజులకు మొదలవుతుంది?

అందరికీ వర్తించే అంకె లేదు. ఎంత ఇరుకు, ఎంత చీకటి, ఎంత నిశ్శబ్దం, ఎప్పుడు ముగుస్తుందో తెలుసా లేదా అన్నదాన్ని బట్టి మారుతుంది. 1950ల మొదట్లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో రోజుకు 20 డాలర్లిచ్చి, విద్యార్థుల కళ్లకు మసక అద్దాలు, చేతులకు తొడుగులు పెట్టి, మంచం మీద ఊరికే పడుకోబెట్టారు. ఎక్కువమంది రెండు మూడు రోజులకు మించి ఉండలేకపోయారు. లేని దృశ్యాలు చూశామన్నారు, తేలికపాటి లెక్కలు కూడా తప్పారు.

మాటామంతీ, వెలుతురు ఉన్నచోట మార్పు నెమ్మదిగా వస్తుంది. మొదటి వారంలో నిద్ర, ఆకలి తప్పుతాయి. రెండు మూడు వారాలకు చిన్నమాటకే కోపం, చదివింది బుర్రకెక్కకపోవడం. నెలలు గడిచేకొద్దీ ఇంకోటి వస్తుంది, మొద్దుబారడం. మాస్కోలో 2010 జూన్ నుంచి 2011 నవంబరు వరకు ఆరుగురిని 520 రోజులు మూసిన గదుల్లో ఉంచిన అంగారక యాత్ర ప్రయోగంలో, అన్నిరకాల పరీక్షలు చేసి ఎంచుకున్నవాళ్లలోనే కొందరికి నిద్ర చెడిపోయింది. రోజులు గడిచేకొద్దీ కదలడం తగ్గించి ఎక్కువసేపు పడకల్లోనే గడిపారు. అలా పడి ఉన్న మనిషిని మనవైపు ‘బద్ధకం’ అంటారు. దయచేసి ఆ మాట అనకండి.

ఇంట్లో ఎవరో పిలిచినట్టు, నడిచినట్టు అనిపిస్తోంది. పిచ్చి పడుతోందా?

చాలావరకు కాదు. చప్పుడు, వెలుతురు తగ్గిపోతే మెదడు ఆ ఖాళీని తనే నింపుకుంటుంది. ఈమధ్యే భర్తనో భార్యనో పోగొట్టుకున్నవాళ్లకు వాళ్ల దగ్గు, చెప్పుల చప్పుడు వినిపించడం, పక్కన కూర్చున్నట్టనిపించడం మామూలే. భయపెట్టకపోతే దానికి వైద్యం అక్కర్లేదు. వినికిడి తగ్గినవాళ్లకు పాటలు వినిపించడం, చూపు బాగా తగ్గినవాళ్లకు మనుషుల ఆకారాలు, పూల డిజైన్లు కనిపించడం కూడా జరుగుతుంది. చెవిమిషన్, శుక్లాల ఆపరేషన్‌తో కొందరికి తగ్గుతాయి.

జాగ్రత్త పడాల్సినవి వేరు. ఆ గొంతు ఫలానా పని చేయమని ఆజ్ఞాపించడం, తిడుతుండడం, పక్కింటివాళ్లు విషం పెడుతున్నారన్న నమ్మకం గట్టిపడడం. ఇవి కనిపిస్తే అదే వారంలో మానసిక వైద్యుడికి చూపించాలి.

ఇంకోటుంది, చాలామంది పొరబడేది. నిన్నటిదాకా బాగున్న పెద్దమనిషి ఒకటి రెండు రోజుల్లో తికమకపడి, పొద్దున కాస్త బాగుండి సాయంత్రానికి పొంతన లేకుండా మాట్లాడుతుంటే దాన్ని ఒంటరితనం ఖాతాలో వేయకండి. మూత్రంలో ఇన్‌ఫెక్షన్, రక్తంలో సోడియం పడిపోవడం, షుగర్ హెచ్చుతగ్గులు, ఒంట్లో నీరు తగ్గడం వల్ల అలా అవుతుంది. ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

వరదలో లంకలో చిక్కుకుపోతే మనసు అదుపు తప్పకుండా ఏం చేయాలి?

పని వరద రాకముందే మొదలవుతుంది. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 11.75 అడుగులకు మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది ఇస్తారు. ప్రవాహం లెక్కలో అవి సుమారు 10, 13, 17 లక్షల క్యూసెక్కులు. మొదటి హెచ్చరిక వచ్చేనాటికే పల్లపు కాజ్‌వేలు నీళ్లలో ఉంటాయి కాబట్టి, మందులు అప్పుడు కొనుక్కుందామంటే కుదరదు. జూలై నుంచి సెప్టెంబరు దాకా ఇంట్లో ఎప్పుడూ కనీసం 15 రోజుల మందులుండాలి. మూర్ఛ, మానసిక వ్యాధి మందులు వాడేవాళ్లైతే నెలరోజులవి. ఇవి ఒక్కసారిగా ఆగితే ఫిట్స్ రావచ్చు, పాత జబ్బు తిరగబెట్టవచ్చు. లిథియం వాడేవాళ్లకు విరేచనాలు పట్టుకుంటే మందు ఒంట్లో ఎక్కువై చేతులు బాగా వణుకుతాయి, నడక తూలుతుంది. అలా అయితే మందు ఆపి వెంటనే డాక్టర్‌తో మాట్లాడాలి. మందుల చీటీ ఫొటో తీసి ఒడ్డున ఉన్న బంధువుకు ముందే పంపి ఉంచండి.

నీళ్లు చుట్టుముట్టాక మనసును ఎక్కువగా తినేది నీటి భయం కంటే ఎడతెగని కబుర్లు. ‘ఇంకో మీటరు పెరుగుతుందంట’, ‘ఫలానా గట్టు తెగిందంట’. మేడ మీదో పునరావాస కేంద్రంలోనో నాలుగైదు కుటుంబాలు కలిసి ఉంటే కబురు తెలుసుకునే బాధ్యత ఒకరికి అప్పగించండి. ఆ మనిషి పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం మూడుసార్లు మాత్రమే బ్యారేజీ మట్టం కనుక్కుని అందరికీ చెప్పాలి. భద్రాచలం దగ్గర తగ్గుముఖం పట్టినా ఆ తగ్గుదల డెల్టాకు చేరడానికి ఒకరోజు పైనే పడుతుందని ముందే చెప్పి ఉంచితే, ‘అక్కడ తగ్గింది, ఇక్కడ పెరుగుతోందేంటి’ అన్న ఆందోళన ఉండదు. ఇలా చేస్తే ఫోన్ల చార్జింగూ మిగులుతుంది. గోడ మీద బొగ్గుతో గీత గీసి ప్రతి మూడు గంటలకు మట్టం గుర్తుపెట్టండి. కళ్లముందున్న గీత పుకారు కంటే నమ్మకమైనది.

రోజుకు ఒక క్రమం ఇవ్వండి. పొద్దున ఒకే వేళకు లేవడం, వంట వంతులు, పిల్లలకు రెండుపూటలా రెండేసి గంటలు ఆటో, ఎక్కాలో, రాత్రి ఒక వేళకు దీపాలు తగ్గించడం. పశువులను వదిలేసి వచ్చినవాళ్లకు ఖాళీగా కూర్చోవడం నరకం. వాళ్లకు చేతినిండా పని ఇవ్వండి.

ఆడవాళ్ల విషయం ఎవరూ పైకి చెప్పరు. మరుగు లేక, మరుగుదొడ్డికి చీకటి పడేదాకా వెళ్లలేక నీళ్లు తాగడం మానేస్తారు. దాంతో మూత్రంలో ఇన్‌ఫెక్షన్, తలనొప్పి, విసుగు. రెండు చీరలు కట్టి ఒక మూల మరుగు చేయడం మొదటిరోజే చేయాల్సిన పని.

పిల్లలు పక్క తడపడం, తల్లి కొంగు వదలకపోవడం, ‘మళ్లీ నీళ్లొస్తాయా’ అని ఇరవైసార్లు అడగడం మామూలు. ఇరవైసార్లూ ఒకే జవాబు నెమ్మదిగా చెప్పండి. ‘ఏం కాదులే’ అనకండి, వాళ్లు నమ్మరు. ‘నీళ్లు ఇక్కడిదాకా వచ్చాయి, మనం పైన ఉన్నాం, పడవ వస్తుంది’ అనండి.

సాయానికి వచ్చినవాళ్లు ‘అప్పుడేమైంది, చెప్పండి’ అంటూ జరిగిందంతా తవ్వకూడదు. చెప్పాలనిపించినవాళ్లు చెప్తారు. బలవంతాన చెప్పించడం మేలు చేయదని మానసిక ప్రథమ చికిత్స నేర్పేవాళ్లందరూ చెప్పేదే. 1986 ఆగస్టులో బ్యారేజీ దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటిన వరద చూసినవాళ్లలో, నది ఎర్రబడితే ఇప్పటికీ నిద్రపట్టని వాళ్లుంటారు. అది పిరికితనం కాదు.

వరదలో మద్యం దొరక్క వణుకు మొదలైతే?

దీన్ని తేలిగ్గా తీసుకోకండి. రోజూ తాగే మనిషికి ఒక్కసారిగా ఆగితే 6 నుంచి 12 గంటల్లో వణుకు, చెమటలు, గుండెదడ మొదలవుతాయి. మొదటి రెండురోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య కొందరికి పురుగులు పాకుతున్నట్టు కనిపించి, ఎక్కడున్నారో తెలియకుండా కేకలు వేస్తారు. అప్పుడు ప్రాణాపాయం ఉంటుంది. ఇంతకుముందు ఇలా ఫిట్స్ వచ్చిన మనిషి ఇంట్లో ఉంటే మొదటి హెచ్చరికకే ఒడ్డుకు చేర్చండి. లంకలో ఉండగా మొదలైతే 108కి చెప్పేటప్పుడు ‘రోజూ తాగేవాడు, ఫలానా రోజు నుంచి లేదు’ అన్న మాట తప్పకుండా చెప్పాలి. గాలి భూతం అనుకుని కట్టేయడం వల్ల కాలం మించిపోతుంది. మానాలనుకోవడం మంచిదే, కానీ చుట్టూ నీళ్లున్నప్పుడు కాదు.

చెరువు కాపలాలో నెలల తరబడి ఒక్కడే ఉండేవాళ్ల సంగతి?

రొయ్యల పంట మూడు నాలుగు నెలలు, చేపల పంట అంతకంటే ఎక్కువ. ఇక్కడ సమస్య ఒంటరితనం ఒక్కటే కాదు, ముక్కలైన నిద్ర కూడా. రాత్రి నీటిలోని నాచు ఆక్సిజన్ చేయదు, అన్నీ పీల్చుకునేవే. తెల్లవారుజామున ఆక్సిజన్ బాగా పడిపోతుంది. సరిగ్గా మనిషికి గాఢంగా నిద్ర పట్టే ఆ వేళలోనే కాపలాదారు మెలకువగా ఉండి, నీటికి గాలి అందించే ఏరేటర్ల చప్పుడు వింటూండాలి. నెలన్నర గడిచేసరికి ఏరేటర్ మోత ఆగితే గుండె ఆగినంత పనవుతుంది. పగలు పడుకున్నా ఉలిక్కిపడి లేస్తాడు. ఆ నిద్రమత్తులో తడి చేతులతో స్టార్టర్ పెట్టె ముట్టుకుంటే కరెంటు షాక్.

చేయగలిగినవి ఇవి. రోజూ కనీసం నాలుగు గంటలు ఒకే వేళకు పడుకునేలా చూడాలి, రాత్రి 9 నుంచి 1 దాకా అనుకోండి. మిగతా నిద్ర మధ్యాహ్నం భోజనం తర్వాత గంటన్నర తీర్చుకోవచ్చు, 3 దాటాక మాత్రం వద్దు. అర్ధరాత్రి తర్వాత టీ పొద్దుటి నిద్రను చెడగొడుతుంది. కరెంటు పోతే మోగే అలారం పెట్టిస్తే చెవి రాత్రంతా చెరువు మీదే ఉండాల్సిన అవసరం తగ్గుతుంది. వారానికి ఒక రాత్రి వేరే మనిషిని పెట్టి ఇంటికి పంపడం రైతుకే లాభం. నిద్రలేని మనిషి చెక్ ట్రేలో (మేత ఎంత తిన్నాయో చూసే పళ్లెంలో) మిగిలిన మేత సరిగ్గా చూడడు.

రైతులకో విన్నపం. రోజూ చేసే ఫోన్‌లో ‘మేత ఎంత తిన్నాయి’ తర్వాత ‘నువ్వు తిన్నావా, రాత్రి నిద్రపట్టిందా’ అని కూడా అడగండి. ఒక షెడ్డులో ఇద్దరున్నచోట గొడవలు ఉప్పుకారాల దగ్గర మొదలవుతాయి. అంటార్కిటికాలో మన మైత్రి, భారతి పరిశోధన కేంద్రాల్లో శీతాకాలమంతా ఉండేవాళ్ల విషయంలోనూ చిన్న అలవాట్లే పెద్ద చిరాకులవుతాయి. రోజుకో గంట ఇద్దరూ చెరో గట్టు మీద ఉండేలా వంతు వేసుకుంటే సర్దుకుంటుంది.

పురుగుమందులు, చెరువు రసాయనాలు పడుకునే షెడ్డులో ఉంచకండి. వేరే పెట్టెలో తాళం వేసి, తాళంచెవి ఇంకొకరి దగ్గర పెట్టండి. దిగులు బాగా కమ్మిన ఆ కాసేపు చేతికందే దూరంలో అవి లేకపోవడం ప్రాణాలు నిలబెడుతుంది.

ఊళ్లో అమ్మ ఒక్కతే ఉంటోంది. ఫోన్‌లో ‘బాగానే ఉన్నాను’ అంటుంది. ఎలా తెలుసుకోవాలి?

గ్యాస్ బుకింగ్ చూడండి. రెండున్నర నెలలకు అయ్యే సిలిండర్ ఐదు నెలలు వస్తోందంటే ఆవిడ వండుకోవడం లేదు. కర్రీ పాయింట్ ప్యాకెట్టో, మజ్జిగన్నమో తిని సరిపెడుతోంది. బీపీ మాత్రల అట్టలో నెలాఖరుకు ఎన్ని మిగిలాయో లెక్కపెట్టించండి. పాలవాడు, చాకలి, ఎదురింటి పిన్నిగారు ఈ ముగ్గురిలో ఒకరి నంబరు మీ దగ్గరుండాలి. పేరంటానికి పిలిస్తే మోకాళ్ల నొప్పులని మానేస్తోందా, లేక వినపడక సిగ్గుపడి మానేస్తోందా అన్నది చూడాలి. రెండోదైతే చెవి పరీక్ష చేయిస్తే సగం సమస్య తీరుతుంది.

ఫోన్ ఆదివారం గంటసేపు కంటే రోజూ ఒకే వేళకు పది నిమిషాలు మేలు. ఆ వేళ ఆవిడ రోజును పట్టి ఉంచే మేకులా ఉంటుంది. ‘ఎలా ఉన్నావమ్మా, తిన్నావా’ అంటే వచ్చే జవాబు రెండు మాటలే. ‘కొబ్బరి దింపు అయిందా, ఎన్ని కాయలొచ్చాయి?’, ‘మాగాయ ముక్క మెత్తబడింది, ఏం చేయను?’ అని అడిగి చూడండి. సలహా అడిగితే గొంతు మారుతుంది. తన అవసరం ఇంకా ఎవరికో ఉందన్నదే ఆవిడకు కావలసింది. పెద్దవాళ్ల సహాయ ఫోన్ ఎల్డర్‌లైన్ 14567 పొద్దున 8 నుంచి రాత్రి 8 దాకా పనిచేస్తుంది. ఆ నంబరు పెద్ద అక్షరాలతో రాసి ఫోన్ పక్క గోడకు అంటించండి.

గల్ఫ్ నుంచి వచ్చిన మా అక్క గదిలోంచి బయటికి రావడం లేదు.

పాస్‌పోర్టు యజమాని దగ్గర, ఫోన్ వాళ్లిచ్చినప్పుడే, పడక వంటగది పక్కన. అలా ఏళ్లు గడిపిన మనిషి పిలుపు వినగానే ఉలిక్కిపడి లేస్తుంది, కూర్చోమన్నా నిలబడే ఉంటుంది, ఏం తింటావంటే ‘మీ ఇష్టం’ అంటుంది. ఎంచుకునే అలవాటే పోయింది. చిన్నచిన్న ఎంపికలు తిరిగి అప్పజెప్పండి: ఏ కూర, ఏ చీర, ఏ వేళకు బయటికి. ఆమె గదికి గడియ లోపలివైపు ఉండాలి. డబ్బు లెక్కలు, ‘ఎంత తెచ్చావ్’ అన్న మాటలు కొన్ని వారాలు ఇంట్లో ఎవరూ ఎత్తకూడదు. అక్కడ జరిగింది చెప్పమని పట్టుబట్టకండి. నెలైనా పీడకలలు తగ్గకపోతే, అక్కడి సంగతి గుర్తొస్తేనే వణికిపోతుంటే వైద్యుడికి చూపించాలి. దానికి మంచి చికిత్సలున్నాయి.

మానసిక జబ్బున్న మనిషిని గదిలో పెట్టి తాళం వేస్తే తప్పా?

తప్పే. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017 గొలుసులతో కట్టడాన్ని ఏ రూపంలోనైనా నిషేధించింది. ఒంటరిగా నిర్బంధించడమూ కూడదంది. మందులతో లొంగే జబ్బు గదిలో మూసేస్తే ముదురుతుంది. జైలు శిక్షలోనే ఏకాంత నిర్బంధం ఒక్కసారికి 14 రోజులు మించకూడదని మన చట్టం చెబుతోంది. 15 రోజులు దాటితే అది కూడదని ఐక్యరాజ్యసమితి 2015 నాటి మండేలా నియమాలు చెబుతున్నాయి. ఏ నేరమూ చేయని మనిషిని పెరటిగదిలో నెలల తరబడి ఎలా ఉంచుతాం?

బయటపడ్డాక జనంలోకి వెళ్తే గుండెదడ. ఇది పోతుందా?

చాలామందికి కొన్ని వారాల్లో తగ్గుతుంది, ఒక్కసారిగా తీర్థం రద్దీలోకి తోయకపోతే. మొదటివారం ఇంటి అరుగు మీద పొద్దున అరగంట. రెండోవారం రద్దీ లేని వేళ కొట్టుదాకా. తర్వాత తెలిసిన ఒక ఇల్లు, ఆ తర్వాత సంత. దడ వచ్చిన వెంటనే తిరిగొచ్చేయకండి. అక్కడే నిలబడి ఊపిరి నెమ్మదిగా వదులుతూ ఉంటే అది పెరిగి, కాసేపటికి దానంతటదే దిగుతుంది. ప్రతిసారీ తప్పించుకుంటే భయం ముదురుతుంది.

డాక్టరు దగ్గరికి ఎప్పుడు వెళ్లాలి? ఏం చెప్పాలి?

దిగులు, ఏదీ చేయబుద్ధి కాకపోవడం రెండు వారాలు దాదాపు రోజూ ఉంటే వెళ్లాలి. చచ్చిపోవాలన్న మాట వస్తే రెండు వారాలు ఆగక్కర్లేదు, ఆ రోజే. ‘చనిపోవాలనిపిస్తోందా’ అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ. అవునంటే ఒంటరిగా వదలకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ ఫోన్ టెలి మానస్ 14416 రాత్రీపగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు, ఖర్చు లేదు. ప్రాణాపాయమైతే 108 లేదా 112. కాకినాడ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రి (జీజీహెచ్)లో మానసిక వైద్య విభాగం ఉంది.

వెళ్లేముందు ఒక కాగితం మీద వారంరోజుల నిద్రవేళలు, తిన్నవి, వాడుతున్న మందుల పేర్లు, తాగే అలవాటుంటే ఎంత అన్నది, చివరిసారి బయటి మనిషితో ముఖాముఖి మాట్లాడింది ఏ రోజన్నది రాసుకోండి. థైరాయిడ్, బి12, రక్తహీనత పరీక్షలు అడిగితే చేయించండి, థైరాయిడ్, బి12, రక్తం తక్కువైనా దిగులు లాగే కనిపిస్తుంది. మొదలుపెట్టిన మందు పనిచేయడం తెలియడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. మొదటివారంలో వికారం, కాస్త కంగారు ఉండొచ్చు. ఎక్కువమంది మందు ఆపేసేది ఆ వారంలోనే. ఆపేముందు రాసిచ్చిన డాక్టరుకు ఫోన్ చేయండి.